ట్రాక్టర్‌ను, ట్రాలీని కలిపేది ఒక్క పిన్నే.. అది ఊడితే ఆపేదేంటి? సేఫ్టీ చైన్, బ్రేక్‌అవే కేబుల్ గురించి తెలుసుకోవాల్సినవి

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకో, ముద్దనూరు మీదుగా పులివెందులకో బండి మీద వెళ్తే దారిలో ట్రాక్టర్ ట్రాలీ కనిపించకుండా ఉండదు. ఒక దాంట్లో ఇసుక, ఇంకో దాంట్లో నాపరాళ్లు. జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేల నుంచి శనగ బస్తాలు, పత్తి. పులివెందుల వైపు అరటి గెలలు, చీనీకాయలు. ఇల్లు కట్టేవాళ్లకు ఇటుక, కంకర తెచ్చేదీ అదే, శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గరకు జనాన్ని తీసుకెళ్లేదీ అదే.

ట్రాలీకి ఇంజిన్ ఉండదు. స్టీరింగ్ ఉండదు. మన ఊళ్లలో తిరిగే చాలా ట్రాలీలకు సొంత బ్రేకు కూడా ఉండదు. నాలుగైదు టన్నుల బరువుతో రోడ్డు మీద కదిలే ఆ బండిని అదుపులో ఉంచేది ట్రాక్టర్ మాత్రమే. ఆ రెంటినీ కలిపి ఉంచేది బొటనవేలు లావున్న ఒక ఇనుప పిన్ను.

అది విరిగినా, ఎగిరి బయటపడినా ట్రాలీ ఏ దిక్కుకు పోతుందో ఎవరూ చెప్పలేరు. అలా జరిగినప్పుడు పట్టి ఉంచడానికి ప్రపంచంలో చాలా చోట్ల రెండో ఏర్పాటు ఉంటుంది. ఒకటి సేఫ్టీ చైన్, ఇంకొకటి బ్రేక్‌అవే కేబుల్. ఇవి ఎలా పనిచేస్తాయి? మన ట్రాలీలకు ఏది పనికొస్తుంది? చట్టం ఏం చెబుతోంది? లోడు తెప్పించుకునేటప్పుడు, ట్రాలీ వెనుక వెళ్లేటప్పుడు మీరు ఏం చూసుకోవాలి?

ట్రాలీ ట్రాక్టర్‌కు ఎలా తగిలి ఉంటుంది?

ట్రాలీ ముందు భాగంలో పొడుచుకొచ్చినట్టు ఒక ఇనుప దూలం ఉంటుంది. దీన్ని డ్రాబార్ అంటారు. దాని కొసన బలమైన రింగు ఉంటుంది. ట్రాక్టర్ వెనుక ఉండే హుక్ రెండు రేకుల మధ్య ఈ రింగును పెట్టి, పైనుంచి పిన్ను దించుతారు. పిన్ను పైకి ఎగరకుండా కింది కొసన ఉన్న రంధ్రంలో చిన్న క్లిప్పు గానీ లాక్ గానీ పెడతారు.

ట్రాలీలు రెండు రకాలు. రెండు చక్రాల ట్రాలీలో కొంత బరువు ట్రాక్టర్ హుక్ మీద పడుతుంది. నాలుగు చక్రాల ట్రాలీలో బరువంతా దాని చక్రాలే మోస్తాయి, ముందు చక్రాలు డ్రాబార్‌తో పాటు తిరుగుతాయి. రెండింటిలోనూ లాగే బలం మొత్తం ఆ పిన్ను మీదే పడుతుంది.

పిన్ను ఎందుకు ఊడుతుంది?

కారణాలు చాలావరకు మామూలువే.

మొదటిది, క్లిప్పు పెట్టకపోవడం. రోజుకు నాలుగైదు సార్లు ట్రాలీ విప్పి తగిలించేవాళ్లు ‘దగ్గరే కదా’ అని పిన్ను ఒక్కటే దించి బయల్దేరతారు. స్పీడ్ బ్రేకర్ మీదో, గుంతలోనో ట్రాలీ ఎగిరినప్పుడు పిన్ను పైకి లేస్తుంది. రెండు మూడు కుదుపులకు బయటకు వచ్చేస్తుంది.

రెండోది, పిన్నుకు బదులు ఏదో ఒకటి పెట్టడం. అసలు పిన్ను పోతే ఇంటి నిర్మాణంలో మిగిలిన కమ్మి ముక్కో, పెద్ద బోల్టో పెట్టి నడిపిస్తుంటారు. ట్రాక్టర్ పిన్ను అడ్డంగా పడే కోత బలాన్ని తట్టుకునేలా గట్టి ఉక్కుతో తయారవుతుంది. కమ్మి పని అది కాదు. కొంతకాలం బాగానే నడుస్తుంది, ఒకరోజు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు వంగుతుంది లేదా తెగుతుంది.

మూడోది, అరుగుదల. పిన్ను మధ్యలో గాడి పడుతుంది. రింగు లోపలి అంచు పల్చబడుతుంది. హుక్ రంధ్రం గుండ్రంగా ఉండేది కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. ఇవన్నీ వదులైనప్పుడు ట్రాక్టర్ కదిలినప్పుడల్లా, ఆగినప్పుడల్లా టకటకమని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వినిపిస్తుంటే అరుగుదల బాగా పెరిగిందని అర్థం.

నాలుగోది, వెల్డింగ్. డ్రాబార్ పగిలితే దగ్గర్లోని షాపులో ఒక పూత వేయించి మళ్లీ రోడ్డెక్కిస్తారు. పైకి అతుకు బాగానే కనిపిస్తుంది. దాని పక్కనే లోహం పెళుసుబారి, కొత్త పగులు అక్కడే మొదలవుతుంది.

ఊడితే ఏమవుతుంది?

చదునైన రోడ్డు మీద ఊడితే డ్రాబార్ కొస కింద పడి తారును గీసుకుంటూ పోతుంది. రెండు చక్రాల ట్రాలీ అయితే ముక్కు నేలలో గుచ్చుకుని అడ్డంగా తిరగొచ్చు, లోడు ముందుకు ఒరిగి బోల్తా పడొచ్చు. నాలుగు చక్రాలదైతే ముందు చక్రాలు ఎటు తిరిగితే అటు వెళ్తుంది. అది పక్క లేన్ కావచ్చు, రోడ్డు పక్కన టీ కొట్టు కావచ్చు.

వాలు రోడ్డు మీద ఊడితే ఇంకా ప్రమాదం. 5 టన్నుల బరువున్న ట్రాలీ గంటకు 20 కి.మీ. వేగంతో వస్తుంటే, అందులో ఉండే శక్తి గంటకు 45 కి.మీ. వేగంతో వచ్చే ఒక టన్ను కారు శక్తితో సమానం. చూడటానికి నెమ్మదిగా వస్తున్నట్టే ఉంటుంది. చేయి అడ్డం పెట్టో, చక్రం కింద రాయి వేసో ఆపొచ్చని అనిపిస్తుంది. అలా ఆపబోయి ప్రాణాల మీదకు తెచ్చుకోకూడదు.

సేఫ్టీ చైన్ అంటే ఏమిటి?

పిన్నుతో సంబంధం లేకుండా ట్రాక్టర్‌ను, ట్రాలీని కలిపే మరో గొలుసే సేఫ్టీ చైన్. మామూలు ప్రయాణంలో దానికి ఏ పనీ ఉండదు, వదులుగా వేలాడుతుంటుంది. పిన్ను పోయిన క్షణంలో ట్రాలీ విడిపోకుండా పట్టుకుంటుంది. డ్రైవర్‌కు బండి ఆపుకోవడానికి కొన్ని సెకన్లు దొరుకుతాయి.

గొలుసు ఉంటే చాలదు, కట్టే పద్ధతి కూడా సరిగా ఉండాలి.

• గొలుసును పిన్నుకో, పిన్ను ఉన్న హుక్‌కో తగిలించకూడదు. హుక్కే విరిగితే గొలుసు కూడా దాంతోపాటే పోతుంది. ట్రాక్టర్ వెనుక ఛాసిస్ భాగానికి, విడిగా ఉన్న గట్టి చోట బిగించాలి.

• రెండు గొలుసులు వాడితే డ్రాబార్ కింద ఒకదాన్ని ఒకటి దాటేలా, గుణకారం గుర్తులా కట్టాలి. అప్పుడు డ్రాబార్ ఊడినా దాని ముక్కు నేలకు తగలకుండా ఆ గొలుసుల మీద ఉయ్యాలలో పడ్డట్టు ఆగుతుంది.

• మలుపు తిరిగేటప్పుడు బిగుసుకోనంత వదులు ఉండాలి. రోడ్డుకు రాసుకునేంత పొడవు ఉండకూడదు. రోడ్డుకు రాసుకుంటే గొలుసు వారాల్లోనే అరిగిపోతుంది.

• గొలుసు కొసన ఉన్న కొక్కేనికి మూసుకునే నాలుక ఉండాలి. తెరిచి ఉన్న కొక్కెం కుదుపులకు జారిపోతుంది.

• గొలుసు బలం లోడుతో కలిపిన ట్రాలీ మొత్తం బరువుకు తగ్గకూడదు. పశువులను కట్టే గొలుసు, గేటుకు వేసే గొలుసు దీనికి పనికిరావు. బరువులు ఎత్తడానికి వాడే గ్రేడ్ 80 రకంలో 10 మి.మీ. గొలుసు 3.15 టన్నులు, 13 మి.మీ. గొలుసు 5.3 టన్నులు భరించేలా తయారవుతుంది. కొనేటప్పుడు ఎన్ని టన్నులకు తగినదో అడిగి, దాని మీదున్న గ్రేడు ముద్ర చూసి తీసుకోవాలి.

గొలుసు పట్టుకున్నాక డ్రైవర్ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒక్కసారిగా బ్రేకు తొక్కితే, బ్రేకు లేని ట్రాలీ వచ్చి ట్రాక్టర్ వెనుక టైరును గుద్దుతుంది. యాక్సిలరేటర్ వదిలి, నెమ్మదిగా రోడ్డు అంచుకు తీసుకెళ్లి ఆపాలి.

అమెరికాలో సరుకు రవాణా వాహనాలు లాగే ట్రైలర్‌లకు ఇలాంటి రెండో బంధం ఉండాలని కేంద్ర రవాణా నిబంధనలు చెబుతాయి. ట్రైలర్ తగిలించిన హుక్‌కే దాన్ని కట్టకూడదని కూడా అక్కడి నిబంధన. అక్కడ ఇల్లు మారేటప్పుడు చిన్న ట్రైలర్ అద్దెకు తీసుకున్న మీ బంధువులను అడిగి చూడండి. కారుకు తగిలించాక గొలుసులు వేయడం ఆ పనిలో భాగమని చెబుతారు.

బ్రేక్‌అవే కేబుల్ అంటే? మన ట్రాలీలకు పనికొస్తుందా?

గొలుసు ట్రైలర్‌ను విడిపోకుండా పట్టి ఉంచితే, బ్రేక్‌అవే కేబుల్ విడిపోయిన ట్రైలర్‌కు దానంతట అదే బ్రేకు వేస్తుంది.

ఇది సన్నని ఉక్కు తీగ. ఒక కొస ముందు వాహనానికి, ఇంకో కొస ట్రైలర్ మీదున్న చిన్న స్విచ్‌కు ఉంటుంది. ట్రైలర్ విడిపోతే తీగ లాగుతుంది. స్విచ్‌లోని పిన్ను బయటకు వస్తుంది. ట్రైలర్‌లోనే ఉన్న బ్యాటరీ దాని చక్రాల ఎలక్ట్రిక్ బ్రేకులను పట్టిస్తుంది. అమెరికా నిబంధనల ప్రకారం అలా పడిన బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉండాలి. యూరప్‌లో వాడే రకంలో బ్యాటరీ ఉండదు. తీగ నేరుగా ట్రైలర్ హ్యాండ్ బ్రేకును లాగి, ఆ తర్వాత తెగిపోతుంది. బ్రిటన్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాల్సిందే.

ఈ తీగను కూడా హుక్‌కు గానీ సేఫ్టీ చైన్‌కు గానీ కట్టకూడదు. దాని పని విడిగా ఉంటేనే జరుగుతుంది.

పెద్ద ట్రైలర్ లారీల్లో ఇదే పనిని గాలి చేస్తుంది. లారీ నుంచి ట్రైలర్‌కు వెళ్లే గాలి పైపు తెగితే ట్రైలర్ బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి.

వ్యవసాయ ట్రాలీ సంగతి వేరు. బ్రేక్‌అవే కేబుల్ పనిచేయాలంటే ముందు ట్రాలీకి బ్రేకులు ఉండాలి. బ్రేకు లేని ట్రాలీకి ఆ తీగ కట్టినా అది లాగడానికి ఏమీ ఉండదు. అందుకే పాత ట్రాలీ ఉన్నవాళ్లకు ఇప్పటికిప్పుడు చేతిలో ఉన్న మార్గం మూడు వస్తువులు: సరైన పిన్ను, దానికి లాక్, సరిగా కట్టిన గొలుసు. కొత్త ట్రాలీ చేయించుకునేవాళ్లు మాత్రం బ్రేకులున్నదే అడగాలి. బ్రేకులు పెట్టించాకే బ్రేక్‌అవే ఏర్పాటు గురించి మాట్లాడాలి.

గొలుసు ఆపలేని ప్రమాదాలు

గొలుసు కట్టినంత మాత్రాన అంతా భద్రం కాదు. ట్రాలీ ప్రమాదాల్లో చాలావాటికి మూలం బరువు, వాలు, బ్రేకు.

బరువు: 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్రాలీ తొట్టి అనుకోండి. అది సుమారు 3.4 ఘనపు మీటర్లు. పొడి ఇసుక ఘనపు మీటరుకు 1.6 టన్నుల చొప్పున లెక్కేస్తే నిండుగా 5.4 టన్నులు అవుతుంది. పెన్నా నుంచి తడిగా ఎత్తిన ఇసుకైతే ఆరు టన్నులు దాటిపోతుంది. నాపరాయి ఇంకా బరువు, ఘనపు మీటరుకు రెండున్నర టన్నులకు పైనే. తొట్టిలో అడుగు ఎత్తు వరకు పేర్చినా నాలుగు టన్నులు దాటుతుంది. ‘సగమే కదా నింపాం’ అని కంటితో అంచనా వేయడం అందుకే తప్పవుతుంది. వీటిని లాగే ట్రాక్టర్ బరువు చూస్తే రెండు టన్నుల చుట్టుపక్కలే.

వాలు: 20 మీటర్ల దూరానికి ఒక మీటరు దిగే వాలులో 5 టన్నుల ట్రాలీ ట్రాక్టర్‌ను వెనుక నుంచి సుమారు 250 కిలోల బలంతో నెడుతూనే ఉంటుంది. గండికోట గుట్ట దిగేటప్పుడైనా, వంతెన దిగేటప్పుడైనా ఇదే లెక్క. కిందకు దిగడం మొదలుపెట్టకముందే చిన్న గేరులోకి రావాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే ట్రాలీయే ట్రాక్టర్‌ను తోసుకెళ్తుంది.

బ్రేకు: ట్రాక్టర్‌కు ఎడమ, కుడి వెనుక చక్రాలకు విడివిడిగా రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. పొలంలో మలుపు తిప్పడానికి అవి వేర్వేరుగా కావాలి. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే లాక్ వేయాలి. వేయకపోతే అత్యవసరంలో కాలు ఒక్క పెడల్ మీదే పడుతుంది. ట్రాక్టర్ ఒక పక్కకు లాగుతుంది, వెనుక ట్రాలీ రోడ్డుకు అడ్డం తిరుగుతుంది.

లోడు పేర్చడం: రెండు చక్రాల ట్రాలీలో బరువు వెనక్కి ఎక్కువైతే డ్రాబార్ పైకి లేస్తుంది. ట్రాక్టర్ వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది. పిన్ను పైకి ఎగరడానికీ ఇదే కారణమవుతుంది. బరువు ఇరుసుకు కాస్త ముందు వైపు ఉండాలి. నాపరాళ్లను నిలబెట్టి తెస్తే జారకుండా రెండు వైపులా అడ్డు, పైన కట్టు ఉండాలి.

తగిలించే చోటు: ట్రాలీని గానీ, బురదలో దిగిన బండిని గానీ ట్రాక్టర్ టాప్ లింక్‌కు కట్టి లాగకూడదు. లాగే బలం వెనుక ఇరుసు కంటే పైనుంచి పడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ డ్రైవర్ మీదకే వెనక్కి తిరగబడుతుంది. దానికి రెండు మూడు సెకన్లు కూడా పట్టదు, దూకే వ్యవధి ఉండదు.

ట్రాలీలో మనుషులు ఎక్కొచ్చా?

ఎక్కకూడదు. గొలుసు ఉన్నా, డ్రైవర్ ఎంత అనుభవం ఉన్నవాడైనా ఈ సమాధానం మారదు. ట్రాలీలో సీటు లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు, బోల్తా పడితే లోడూ తొట్టీ రెండూ మనిషి మీదే పడతాయి.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది పొలం పనికి బయల్దేరిన మహిళలు. 2020 జూన్ 17న కృష్ణా జిల్లా వేదాద్రి దగ్గర దర్శనం చేసుకుని వస్తున్న ట్రాక్టర్‌ను లారీ ఢీకొని 12 మంది ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా జనం ప్రయాణించింది సరుకు కోసం చేసిన బండిలోనే.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. కూరగాయలతో మార్కెట్‌కు వెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ ప్రమాదం కేసులో 2004లో సుప్రీంకోర్టు బీమా సంస్థకు బాధ్యత లేదని తీర్పు ఇచ్చింది. వ్యవసాయ పనికి తీసుకున్న పాలసీ, అమ్మకానికి సరుకుతో వెళ్తున్న మనిషికి వర్తించదని తేల్చింది. బీమా సంస్థ బాధ్యత తప్పితే పరిహారం భారం ట్రాక్టర్ యజమాని మీద పడుతుంది. ఆయన దగ్గర ఆస్తి లేకపోతే బాధిత కుటుంబానికి తీర్పు కాగితమే మిగులుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో ట్రాలీ ట్రాక్టర్‌కు తోక కాదు. అదీ ఒక మోటారు వాహనమే. దాని నుంచి వచ్చేవి ఇవి:

• ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. సెక్షన్ 61 ప్రకారం ట్రాలీకి దాని నంబరుతో పాటు, లాగే ట్రాక్టర్ నంబరు కూడా ట్రాలీ మీద కనిపించాలి. లేకపోతే వెనుక నుంచి గుద్దినా, గుద్దించుకున్నా ఏ బండో తెలియదు.

• బీమా పాలసీలో ట్రాలీ కూడా ఉండాలి. ట్రాక్టర్ పాలసీ ఒక్కటే చూపించి సరిపెట్టుకుంటే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. బీమా లేకుండా నడిపితే సెక్షన్ 196 కింద మొదటిసారి రూ.2,000, మళ్లీ దొరికితే రూ.4,000 జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్షకూ అవకాశం ఉంది.

• పరిమితి మించి లోడు వేస్తే సెక్షన్ 194 కింద రూ.20,000, అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున జరిమానా. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా భరించాలి.

• ట్రాలీ వెనుక రెండు వైపులా ఎర్ర రిఫ్లెక్టర్లు తప్పనిసరి.

• లైసెన్స్ లేకుండా నడిపితే సెక్షన్ 181 కింద రూ.5,000. ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలనూ నడపొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

• వ్యవసాయ ట్రాలీ అంటే ప్రధానంగా వ్యవసాయ సరుకు మోసేదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల నిర్వచనం. ఇసుక, రాయి, ఇటుక కిరాయికి తోలేవాళ్లు దానికి తగ్గ రిజిస్ట్రేషన్, బీమా ఉన్నాయో లేదో రవాణా శాఖ కార్యాలయంలో అడిగి సరిచేసుకోవాలి.

మీరు లోడు తెప్పించుకుంటుంటే..

ఇంటి పనికి ఇసుకో, బండలో మాట్లాడుకునేటప్పుడు ‘ఇంకొంచెం ఎక్కువ వేసుకుని రా అన్నా, ఒక ట్రిప్పు మిగులుతుంది’ అంటాం. మిగిలేది ఒక ట్రిప్పు కిరాయి. ఆ ఎక్కువ బరువును మోసేది అదే పిన్ను. రెండు ట్రిప్పులకు మాట్లాడుకోండి.

బండి మీ ఇంటి ముందుకు వచ్చాక ఒక్క నిమిషం చూడండి. పిన్ను కింద క్లిప్పు ఉందా? గొలుసు ఉందా? ట్రాలీ వెనుక నంబరు, రిఫ్లెక్టర్లు ఉన్నాయా? నంబరు కనిపిస్తే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి రిజిస్ట్రేషన్, బీమా గడువు చూసుకోవచ్చు. డ్రైవర్‌ను తప్పుపట్టినట్టు కాకుండా అడిగితే ఎక్కువ మంది సర్దుకుంటారు.

దించేటప్పుడు ట్రాలీని విప్పాల్సి వస్తే ముందు చక్రాల కింద అడ్డు పెట్టించండి, ఆ తర్వాతే పిన్ను తీయాలి. వాలుగా ఉన్న వీధిలో ఈ వరస తిరగబడితే ట్రాలీ కిందకు దొర్లుతుంది. పిల్లలను దూరంగా ఉంచండి. ట్రాక్టర్ వెనక్కి వస్తుంటే దానికీ ట్రాలీకీ మధ్య ఎవరూ నిలబడకూడదు.

ట్రాలీ వెనుక వెళ్తుంటే..

మీరు కారులో గంటకు 80 కి.మీ. వేగంతో వెళ్తున్నారు, ముందు ట్రాక్టర్ 20 కి.మీ. వేగంతో వెళ్తోంది అనుకోండి. మీ మధ్య 100 మీటర్ల దూరం ఉంటే అది కరిగిపోవడానికి పట్టేది 6 సెకన్లే. రాత్రి లైటు, రిఫ్లెక్టర్ లేని ట్రాలీ కనిపించేసరికి ఆ 100 మీటర్లు కూడా ఉండవు. ఈ రోడ్ల మీద చీకటి పడ్డాక వేగం తగ్గించడమే మీ చేతిలో ఉన్న పని.

వాలు ఎక్కుతున్న ట్రాలీకి దగ్గరగా వెళ్లొద్దు. పిన్ను తెగితే అది వచ్చేది మీ మీదకే. కనీసం రెండు మూడు బండ్ల దూరం వదలండి. బైక్ మీద ఉంటే ట్రాలీ పక్కన నిలకడగా నడపకండి, దాటితే పూర్తిగా దాటేయండి. మలుపులో ట్రాలీ వెనుక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, ఆ సందులో దూరకండి. డ్రాబార్ అటూ ఇటూ ఊగుతున్నా, ట్రాలీ పాములా మెలికలు తిరుగుతున్నా హారన్ కొట్టి డ్రైవర్‌కు చెప్పండి. ట్రాక్టర్ చప్పుడులో వెనుక జరిగేది ఆయనకు వినపడదు.

ట్రాలీ చెడిపోయి రోడ్డు మీద ఆగితే, దాన్ని ప్రమాదకరంగా వదిలేయడం సెక్షన్ 122 ప్రకారం నేరం. గుర్తుగా పెట్టిన రాళ్లు, కొమ్మలను వెళ్లేటప్పుడు తీసేయాలి. ట్రాలీ వెళ్లిపోయాక మిగిలిన రాయి ఆ రాత్రి ఇంకో బైకును పడేస్తుంది.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

ముందు 108కి, పోలీసులకు 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. ట్రాలీ కింద మనిషి ఇరుక్కుంటే ట్రాక్టర్‌తో గుంజొద్దు. చక్రాలకు అడ్డు పెట్టి, లోడు దింపి, జాకీ లేదా క్రేన్‌తో ఎత్తించాలి.

గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చినవారికి సెక్షన్ 134ఏ రక్షణ ఇస్తుంది. సాక్షిగా ఉండమని, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స అందుతుంది. ఆస్పత్రిలో చేర్చగానే ఈ పథకం గురించి అడగండి.

పరిహారం కోసం మోటారు ప్రమాదాల క్లెయిమ్‌ల ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి. చట్టంలో ఆరు నెలల గడువు ఉంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. ట్రాక్టర్, ట్రాలీ రెండింటి నంబర్లు కనిపించేలా, తెగిన పిన్ను, హుక్, డ్రాబార్ కనిపించేలా ఫొటోలు తీసి ఉంచండి. బండి అక్కడి నుంచి కదిలాక అవి మళ్లీ దొరకవు.

బయల్దేరే ముందు ఒక్క నిమిషం

ట్రాక్టర్ ఉన్న మీ ఊరి బంధువులకు ఈ ఆరు మాటలు పంపండి:

1. పిన్ను అసలుదేనా? మధ్యలో గాడి పడిందా?
2. కింద క్లిప్పు వేశారా?
3. గొలుసు హుక్‌కు కాకుండా ఛాసిస్‌కు ఉందా?
4. రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాక్ చేశారా?
5. బరువు ఇరుసుకు కాస్త ముందుకు ఉందా? తొట్టి అంచు దాటిందా?
6. వెనుక రిఫ్లెక్టర్లు మట్టి లేకుండా మెరుస్తున్నాయా?

వీటిలో ఏ ఒక్కటి ‘లేదు’ అయినా, అది సరిచేసుకునే దాకా ట్రాలీని రోడ్డెక్కించకూడదు.